లైట్లు తట్టే కుర్రాడు

మొన్న శ్రావణమాసంలో అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, బావగారు పద్దెనిమిది వేలు కట్టేస్తానంటున్నారు. నువ్వు ఇలాంటివన్నీ చదువుతూ ఉంటావు కదా, ఒకసారి వచ్చి చూసి చెప్పు" అంది. ఏ ఇన్సూరెన్సో, ఇళ్ళ స్థలమో అనుకున్నాను. తీరా వాట్సాప్‌లో వచ్చిన కరపత్రం తెరిస్తే, మా మేనల్లుడు షటిల్ నేర్చుకునే చోట కొత్తగా పెట్టిన కోర్సు అది. మూడు నెలలు, వారానికి మూడు రోజులు, రోజుకి ఇరవై నిమిషాలు. గోడ మీద లైట్లు వెలుగుతుంటాయి, వెలిగినదాన్ని పిల్లాడు తట్టాలి. తెర మీద బంతులు కలగాపులగంగా తిరుగుతుంటాయి, ముందు చూపించిన నాలుగూ ఎటు పోయాయో పిల్లాడు చెప్పాలి. కరపత్రం మీద మెదడు బొమ్మ, అందులోంచి నీలం రంగు మెరుపులు. కింద 'ఛాంపియన్ల రహస్యం కండల్లో లేదు, కళ్ళల్లో ఉంది' అని రాసుంది.

ఆ వాక్యం అబద్ధమేమీ కాదు. నా గొడవంతా దాని పక్కన పెట్టిన లైట్ల బోర్డుతోనే.

అమలాపురం చుట్టుపక్కల రాకెట్ పట్టిన పిల్లాడున్న ఏ ఇంట్లోనైనా బ్యాడ్మింటన్ డబుల్స్ ఛాంపియన్ సాత్విక్‌సాయిరాజ్ పేరు వినపడకుండా రోజు గడవదు. 2022 థామస్ కప్పు, 2023లో చిరాగ్ శెట్టితో కలిసి హాంగ్‌జౌ ఆసియా క్రీడల బంగారం, ఇవన్నీ పిల్లలకి ఎక్కాల్లా వచ్చు. మా బావగారికి మాత్రం అన్నిటికన్నా ఇష్టమైన అంకె 565. 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో సాత్విక్ కొట్టిన స్మాష్ వేగం అది, గంటకి 565 కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు. "అంత స్పీడుగా వచ్చేదాన్ని తియ్యాలంటే అవతలివాడి కళ్ళు ఎంత ఫాస్టుగా ఉండాలో చెప్పవోయ్ బావమరిదీ" అన్నారు. కోర్సు అమ్మినవాళ్ళు ఆయన్ని అడిగింది కూడా సరిగ్గా ఇదే అయ్యుంటుంది.

నేను వెళ్ళాను. చూశాను. నాకు తోచింది చెప్పాను. ఆయన డబ్బు కట్టేశారు. అయినా ఇది రాస్తున్నానంటే, అప్పుడు ఆయనకి సరిగ్గా చెప్పలేకపోయానన్న బాధ ఒకటి ఉండిపోయింది. పైగా ఆ తర్వాత జరిగిన ఒకటి రెండు సంగతులు నా వాదాన్నే కొంచెం కదిపాయి.

ముప్ఫై సెకన్లలో ఎన్ని

గది బాగుంది. ఏసీ ఉంది, మా వైపు పిల్లలకి అది చిన్న విషయం కాదు. ముప్ఫై సెకన్లలో ఎన్ని లైట్లు తట్టాడన్నది స్కోరు. మావాడికి మొదటి రోజు 31 వచ్చింది, మూడో వారానికి 54. బావగారు ఆ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించారు. ఎవరైనా మంచినీళ్ళకి లేస్తే చాలు, అక్కడ ఆపి చూపిస్తారు.

నేనూ ఒకసారి ప్రయత్నిస్తానన్నాను. కోచ్ కుర్రాడు మర్యాదస్తుడు, నవ్వకుండా స్విచ్ వేశాడు. మొదటిసారి 24. నాలుగోసారికి 33. నలభై ఆరేళ్ళ నా మెదడు పావుగంటలో ఇంత ఎదిగిపోయిందా? అదేం లేదు. రెండోసారికి గోడకి అడుగు వెనక్కి జరిగి నిలబడితే అన్ని లైట్లూ ఒకేసారి కనబడతాయని తెలిసింది. మూడోసారి చేతులు కిందికి వేలాడేసి కాకుండా ఛాతీ ఎత్తున ఉంచుకున్నాను. నాలుగోసారికి, అరచేయి మొత్తం ఆనించక్కర్లేదు, మునివేళ్ళు తగిలినా లెక్కలోకి వస్తుందని కనిపెట్టాను. అంటే నేను నేర్చుకున్నది ఆ బోర్డుని. ఇంకో నెల వెళ్తే ఆ బోర్డు మీద మొనగాణ్ణి అవుతాను. గోడకి లైట్లు పెట్టి ఆడే పోటీ ఏదైనా ఉంటే నన్ను పిలవొచ్చు.

ఆ ఆదివారమే మావాడికి ఇండోర్ కోర్టులో ఒకాయనతో ఆట పడింది. ఆయనకి యాభై దాటాయి, రొయ్యల చెరువులున్నాయి. రాత్రంతా ఏరేటర్లు చూసుకుని, నిద్ర చాలక ఎర్రబడ్డ కళ్ళతో, పొట్ట మీదికి బిగిసిన టీషర్టుతో వస్తారు. మావాడికి పద్నాలుగేళ్ళు, లేడిపిల్లలా గెంతుతాడు. 21-13, 21-11. ఓడింది మావాడే. చూస్తున్నవాళ్ళకి వింతేమిటంటే, ఆయన అసలు పరుగెత్తలేదు. మావాడు కొట్టే సమయానికే ఒక అడుగు అటో ఇటో వేసి ఉండేవారు, షటిల్ వచ్చి ఆయన రాకెట్ దగ్గరే వాలేది. వెనకాల బెంచీ మీద బావగారు "రియాక్షన్ చూడు, రియాక్షన్ చూడు" అని అరుస్తున్నారు. ఎవరి రియాక్షన్ చూడమంటున్నారో ఆయనకే తెలియాలి.

ఆట అయ్యాక అడిగాను, "ఎటు వస్తుందో మీకు ముందే ఎలా తెలుస్తోందండీ?" అని. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "ఏమోనండీ, తెలీదు. వచ్చేత్తాదంతే" అన్నారు.

చెయ్యి ఏం చెబుతుంది

ఆయనకి తెలియని జవాబు చాలా ఏళ్ళ క్రితమే కాగితాల మీదికెక్కింది, అదీ బ్యాడ్మింటన్ మీదే. 1987లో అబెర్నెతీ, రస్సెల్ అనే ఇద్దరు పరిశోధకులు షాట్లని ఎదుటి ఆటగాడికి కనబడేలా ఫిల్ము తీసి, షటిల్ రాకెట్‌కి తగలకముందే ఒకచోట, తగిలేటప్పుడు ఒకచోట, తగిలాక ఒకచోట కత్తిరించి చూపించారు. షటిల్ ఎక్కడ పడుతుందో చెప్పమన్నారు. ఇంకో విడతలో రాకెట్ కనబడకుండా, చెయ్యి కనబడకుండా కప్పేసి అడిగారు. కొత్తవాళ్ళు రాకెట్ ఒక్కదాన్ని పట్టుకుని ఊహించారు. ఆటలో పండినవాళ్ళు దానికన్నా ముందే, ఆ రాకెట్ పట్టుకున్న చెయ్యి నుంచి సంగతి లాగేశారు. రాకెట్ కన్నా చెయ్యి ముందు కదులుతుంది కాబట్టి, చేతిని చదవగలిగినవాడికి ఆ కాస్త టైము ఊరికే కలిసొస్తుంది.

ఆ కాస్త టైము ఎంత విలువైనదో బావగారి 565 అంకెతోనే లెక్కేసుకోవచ్చు. గంటకి 565 కిలోమీటర్లంటే సెకనుకి 157 మీటర్లు. కోర్టు మొత్తం పొడవు 13.4 మీటర్లు. ఆ రికార్డు మ్యాచిలో కాదు, ఫ్యాక్టరీ జిమ్‌లో, రాకెట్ వదిలిన క్షణంలో కొలిచింది. ఈకల షటిల్‌ని గాలి పట్టేస్తుంది కనుక అవతలివాడికి చేరేసరికి వేగం బాగా పడిపోతుంది. అవన్నీ తీసేసినా, మంచి స్మాష్‌కి ఎదురు నిలబడ్డవాడి దగ్గర మిగిలే సమయం చాలా కొద్ది. మనిషి కంటికి ఏదైనా కనబడి, దానికి తగ్గట్టు చెయ్యి కదలడానికి సుమారు సెకనులో అయిదో వంతు పడుతుంది. మామూలు మనిషికీ అంతే, ఛాంపియన్‌కీ దాదాపు అంతే.

ఈ చివరి మాట మా బావగారు నమ్మలేదు. నిజానికి నేనూ మొదట నమ్మలేదు. పీటర్ మెక్‌లియోడ్ అనే ఆయన 1987లోనే క్రికెటర్ల మీద దీన్ని పరీక్షించాడు. పిచ్ మీద పరిచిన చాప కింద చెక్క కడ్డీలు దాచి, బంతి పడ్డాక ఎటు తిరుగుతుందో ఎవరికీ ముందు తెలియకుండా చేశాడు. అంతర్జాతీయ స్థాయి బ్యాట్స్‌మెన్‌కి కూడా తమ షాట్ మార్చుకోవడానికి మామూలు జనానికి పట్టే ఆ అయిదో వంతు సెకనే పట్టింది. అంటే వాళ్ళ నరాల్లో ప్రత్యేకమైన కరెంటేమీ లేదు. 2000లో లాండ్, మెక్‌లియోడ్ కలిసి బ్యాట్స్‌మెన్ చూపు ఎటు పోతోందో కెమెరా తగిలించి చూస్తే ఇంకో తమాషా బయటపడింది. 'బంతి మీంచి కన్ను తియ్యకు' అని మనం చిన్నప్పట్నుంచీ వింటాం కదా, వాళ్ళు తీసేస్తున్నారు. బంతి చెయ్యి విడిచేటప్పుడు చూసి, తర్వాత చూపుని ఒక్క గెంతులో బంతి పడబోయే చోటికి ముందుగానే పంపేసి, అక్కడ దానికోసం కాచుకుని ఉన్నారు. బాగా ఆడేవాడు ఆ గెంతు ఇంకా ముందు వేస్తున్నాడు.

రొయ్యల చెరువుల ఆయన చేస్తున్నది ఇదే. కళ్ళు వేగంగా లేవు, ముందుగా ఉన్నాయి. అలా ముందుండడం ఎదుటివాడి చెయ్యిని వేలసార్లు చూస్తే వచ్చింది. లైట్ల బోర్డుకి చెయ్యి లేదు, భుజం లేదు, మోసం చేద్దామన్న ఆలోచన లేదు. ఏ లైటు వెలుగుతుందో ముందే పసిగట్టడానికి వీల్లేకుండానే దాన్ని తయారు చేశారు. అంటే ఆటలో దేని మీద బతకాలో, సరిగ్గా దాన్నే తీసేసి మిగిలినదాన్ని సాధన చేయిస్తోంది.

మసక కళ్ళు, మైనస్ అద్దాలు

ఇక్కడ కరపత్రం తరఫు వాదన ఒకటి వినాలి. చూపు పదునైతే ఎదుటివాడి చెయ్యి కూడా ఇంకాస్త బాగా కనబడుతుంది కదా? వినడానికి సబబుగానే ఉంది. కానీ 2007లో డేవిడ్ మాన్ బృందం బ్యాట్స్‌మెన్‌కి కావాలని మసక కాంటాక్ట్ లెన్సులు పెట్టి బ్యాటింగ్ చేయించింది. మసక పెంచుకుంటూ పోతే, ప్లస్ మూడు డయాప్టర్ల (అద్దాల పవరుకి కొలత) వరకు వెళ్ళాక గాని ఆట చెప్పుకోదగ్గంత దెబ్బతినలేదు. ఆ మసకలో కంటి డాక్టరు బోర్డు మీద పైనున్న పెద్ద అక్షరాలు చదవడమే కష్టం. మన్సూర్ అలీఖాన్ పటౌడీ సంగతి పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. 1961లో కారు ప్రమాదంలో కుడికంటి చూపు పోయింది, ఆ తర్వాతే టెస్టుల్లోకొచ్చి కెప్టెనై ఆరు సెంచరీలు కొట్టాడు, అందులో ఒకటి డబుల్.

ఇంతవరకు చదివి నేను గెలిచేశాననుకుంటుండగా, అదే అకాడమీలో ఒక పిల్లాడి సంగతి తెలిసింది. పదకొండేళ్ళవాడు. కోచ్‌లు వాడికి 'రియాక్షన్ స్లో' అని ముద్రేశారు. నాలుగు నెలలుగా లైట్లు తట్టిస్తున్నారు. స్కోరు కొంచెం పెరిగింది, ఆట పెరగలేదు. స్కూల్లో కంటి పరీక్ష పెడితే మైనస్ 1.75 అని తేలింది. అద్దాలు పెట్టుకున్న వారానికే వాడు నెట్ దగ్గర షటిళ్ళు అందుకోవడం మొదలెట్టాడని వాళ్ళమ్మ మా అక్కకి చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకుందట.

ఇదెలా? ప్లస్ మూడు మసకలో కూడా ఆడగలిగినప్పుడు మైనస్ 1.75 ఒక లెక్కా? చాలా రోజులు ఇది నన్ను తొలిచింది. నాకు తోచిన సమాధానం ఒకటే. ఆ బ్యాట్స్‌మెన్ మంచి చూపుతో ఏళ్ళ తరబడి ఆడి, ఏది చూడాలో ముందే నేర్చేసుకున్నవాళ్ళు. తెలిసిన పద్యాన్ని సగం చెరిగిపోయిన కాగితం మీదైనా చదివేస్తాం. ఈ పిల్లాడు ఆ పద్యాన్ని ఇంకా మొదటిసారి చదువుతున్నాడు, అదీ ట్యూబులైట్ల వెలుతురులో. నా సమాధానం తప్పే కావచ్చు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను. పద్దెనిమిది వేల కోర్సుకి ముందు ఆ అకాడమీలో ఏ పిల్లాడినీ అక్షరాల బోర్డు ముందు నిలబెట్టలేదు. ఆ బోర్డు ఖరీదు ఎంతుంటుంది?

పులస చూసే కన్ను

కాసేపు ఆట పక్కన పెట్టి రేవుకి వెళ్దాం. అక్క వాళ్ళింటికి వెళ్ళిన ఆ వారమే గోదారికి ఎర్రనీరు తగిలింది, పులసల రోజులు. బావగారు నన్ను యానాం తీసుకెళ్ళారు. ఈ మధ్య ఒరిస్సా నుంచి ఐసుపెట్టెల్లో వచ్చిన సముద్రపు చేపని కూడా పులసని అమ్మేస్తున్నారని తెలిసిందే. నాకు రెండూ ఒక్కలాగే కనబడ్డాయి. పక్కన కూర్చున్న ఒకావిడ, తన బేరం కాకపోయినా, బావగారు పట్టుకున్న చేపని ఒక్క చూపు చూసి "అది గోదారిది కాదండీ బాబూ" అనేసింది. ఎలా చెప్పావమ్మా అంటే, వీపు మీద మెరుపు అంది, పొట్ట అంది, చివరికి "చూత్తే తెలియట్లేదా?" అని నన్నే అడిగింది.

ఆవిడ పక్కన ఫోను పట్టుకుని కూర్చున్న మనవరాలు రెండు బొమ్మల మధ్య ఆరు తేడాలు కనిపెట్టే ఆట ఆడుతోంది. నేను సరదాకి అవ్వకి ఇవ్వమన్నాను. ఆవిడ రెండు కనిపెట్టి విసుగొచ్చి ఇచ్చేసింది. మనవరాలు ఆరూ పట్టేసింది, పులసకీ ఒరిస్సా చేపకీ తేడా మాత్రం తనకీ తెలీదు.

మనస్తత్వ శాస్త్రంలో దీని మీద పెద్ద తగాదాయే ఉంది. ఒక పనిలో నేర్చిన చూపు ఇంకో పనికి పాకుతుందా అన్నది. 2016లో సైమన్స్, మరికొందరు కలిసి మెదడు శిక్షణ సాఫ్ట్‌వేర్ల పరిశోధనలన్నీ తిరగేసి తేల్చింది చదివితే మా రేవు గుర్తొస్తుంది. సాధన చేసిన పనిలో మెరుగవుతారు. దానికి దగ్గరగా ఉన్న పనిలో కొంత మెరుగవుతారు. దూరంగా ఉన్నవాటికి, రోజువారీ జీవితానికి అది పాకుతుందనడానికి సాక్ష్యం చాలా తక్కువ. అంతకు ముందే, 2001లో అబెర్నెతీ, వుడ్ ఇద్దరూ ఆటగాళ్ళకని అమ్మే సాధారణ కంటి వ్యాయామాలని టెన్నిస్ మీద పరీక్షించి, ప్రత్యేకంగా ఏమీ ఒరగలేదని చెప్పారు.

అమ్మేవాళ్ళ కాగితాలు

కోర్సువాళ్ళు బావగారికి ఇచ్చిన ఫైల్లో పరిశోధనలు లేకపోలేదు. అవి అబద్ధాలు కూడా కావు. అందుకే వాటితో చిక్కు.

తెర మీద బంతుల ఆటకి ఆధారంగా చూపించేది 2013లో మాంట్రియల్‌కి చెందిన ఫోబేర్ ప్రచురించిన పత్రం. 102 మంది ప్రొఫెషనల్ ఆటగాళ్ళు, 173 మంది పైస్థాయి ఔత్సాహికులు, 33 మంది ఆటలాడని విద్యార్థులు. బంతుల్ని వెంబడించడం ప్రొఫెషనల్స్ అందరికన్నా త్వరగా నేర్చుకున్నారు. బాగానే ఉంది. దీన్నిబట్టి మంచి ఆటగాళ్ళు బంతుల ఆట బాగా ఆడతారని తెలుస్తుంది. బంతుల ఆట ఆడితే మంచి ఆటగాళ్ళవుతారని ఎక్కడుంది? పొడుగువాళ్ళు బాస్కెట్‌బాల్ బాగా ఆడతారు కదా అని, బాస్కెట్‌బాల్ ఆడించి పిల్లాణ్ణి పొడుగు చేస్తామన్నట్టుంది. న్యాయంగా చెప్పాలంటే 2016లో అదే బృందం ఫుట్‌బాల్ కుర్రాళ్ళ మీద చేసిన ఇంకో ప్రయోగంలో, బంతుల సాధన చేసినవాళ్ళకి పాస్ ఎవరికివ్వాలన్న నిర్ణయాలు 15 శాతం మెరుగయ్యాయి. డ్రిబ్లింగ్, షూటింగ్ మారలేదు. మొత్తం కుర్రాళ్ళు పాతికమంది కూడా లేరు. నేను దీన్ని కొట్టిపారెయ్యను. నలుగురు మనుషులు నాలుగు వైపులా కదిలే ఆటకి అది కొంత పనికొస్తుందేమో. సింగిల్స్ షటిల్లో నెట్ అవతల ఒక్కడే ఉంటాడు.

లైట్ల బోర్డుకి చూపించేది సిన్సినాటి యూనివర్సిటీ బేస్‌బాల్ జట్టు. బోర్డుతో సహా రకరకాల కంటి సాధనలు చేశాక జట్టు బ్యాటింగ్ సగటు (బేస్‌బాల్‌లో అది ఎన్ని ప్రయత్నాలకి ఎన్ని హిట్లన్న లెక్క) ఒక సీజన్ నుంచి తర్వాతి సీజన్‌కి 0.251 నుంచి 0.285కి పెరిగింది. తోటి జట్ల సగటు పడిపోయిన ఏడాదిలో వీళ్ళది పెరగడం గొప్పే. కానీ ఆ జట్టులోనే సగం మందిని సాధన లేకుండా పక్కన పెట్టి పోల్చలేదు. కుర్రాళ్ళు ఒక ఏడు పెద్దవాళ్ళయ్యారు. తమ మీద ప్రయోగం జరుగుతోందని తెలిసి మనసు పెట్టి ఆడారు. ఇందులో లైట్ల వాటా ఎంతో ఎవరు విడదీస్తారు?

వీటన్నిటికన్నా నాకు బాగా గుర్తుండిపోయింది రివర్‌సైడ్ కథ. 2014లో వచ్చిన ఒక పత్రం ప్రకారం కాలిఫోర్నియా యూనివర్సిటీ రివర్‌సైడ్ బేస్‌బాల్ కుర్రాళ్ళు 19 మంది ఒక సాఫ్ట్‌వేర్‌తో ఇరవై అయిదేసి నిమిషాల చొప్పున ముప్ఫై విడతలు కంటి సాధన చేశారు. చూపు సగటున 31 శాతం మెరుగైందని, దానివల్ల నాలుగైదు మ్యాచ్‌లు అదనంగా గెలిచి ఉంటారని అందులో రాశారు. ఏడాది తిరిగేసరికి, 2015లో, తప్పుడు ప్రకటనల మీద కన్నేసి ఉంచే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఆ సాఫ్ట్‌వేర్‌ని యాప్‌గా అమ్మే కంపెనీని పట్టుకుంది. చూపు మెరుగుపరుస్తుందనడానికి చాలినంత ఆధారం లేకుండా ప్రచారం చేశారని, లక్షా యాభై వేల డాలర్లు కట్టించింది. 2016 మొదట్లో లూమోసిటీ అనే మెదడు ఆటల కంపెనీ ఇలాంటి ఆరోపణల మీదే ఇరవై లక్షల డాలర్లకి రాజీ పడింది. బావగారికి ఇది చదివి వినిపిస్తే, "అది అమెరికా కదా" అన్నారు. అది అమెరికా కాబట్టే అడిగేవాళ్ళున్నారు బావగారూ అన్నాను. ఆయన పేపరు మడిచి లోపలికెళ్ళిపోయారు.

ఆరిపోయి వెలిగే కళ్ళద్దాలు

అన్నిటినీ ఒకే గాటన కట్టేశానని అనిపించుకోవడం నాకిష్టం లేదు. స్ట్రోబ్ కళ్ళద్దాల విషయంలో నాకు ఇంకా తేలలేదు. వీటి అద్దాలు సెకనుకి కొన్నిసార్లు మూసుకుపోతూ తెరుచుకుంటూ ఉంటాయి. షటిల్ రాకెట్ దగ్గర కనబడుతుంది, మాయమవుతుంది, నెట్ మీద మళ్ళీ కనబడుతుంది. మధ్యలోది మనసులోనే నింపుకోవాలి. కొన్నేళ్ళ క్రితం నైకీ వీటిని మార్కెట్లోకి తెచ్చి ఆపేసింది, తర్వాత వేరే కంపెనీలు అందుకున్నాయి. డ్యూక్ యూనివర్సిటీవాళ్ళు కరోలినా హరికేన్స్ అనే ఐస్ హాకీ జట్టులో పెట్టి చూస్తే, అద్దాలు వాడినవాళ్ళ నైపుణ్యం దాదాపు 18 శాతం పెరిగింది, వాడనివాళ్ళలో మార్పు లేదు. మళ్ళీ అదే జబ్బు, మొత్తం పదకొండు మందే.

అయినా నాకు ఇవి లైట్ల బోర్డు కన్నా నచ్చడానికి కారణముంది. ఇవి పెట్టుకుని పిల్లాడు ఆడేది షటిలే. ఎదురుగా మనిషే ఉంటాడు, ఆ మనిషికి చెయ్యి ఉంటుంది. చూపు తగ్గేకొద్దీ చేతిని ఇంకా జాగ్రత్తగా చదవక తప్పదు. యంత్రం ఆటలోకి వచ్చింది గాని ఆటని గోడ మీదికి తీసుకుపోలేదు. మా వైపు పిల్లలకి ఇలాంటిది కొత్త కాదు కూడా. మా చిన్నతనంలో బాల్ బ్యాడ్మింటన్ చీకటి పడ్డాక కూడా ఆడేవాళ్ళం. పసుపు ఉన్ని బంతి కనబడీ కనబడక వచ్చేది, రాకెట్ ఊపినవాణ్ణి చూసి కొట్టేసేవాళ్ళం. దానివల్ల మా ఆట బాగుపడిందో లేదో తెలీదు. మా ముక్కులు మాత్రం కొన్ని పగిలాయి.

నా ఫోను, నా ప్రయోగం

విమర్శించడం తేలిక కాబట్టి నేనూ ఒకటి చేశాను. రొయ్యల చెరువుల ఆయన్ని బతిమాలి, కోర్టు అవతలి నుంచి ఆయన షాట్లు అరవై ఫోన్లో స్లో మోషన్‌లో తీశాను. ఇంటికొచ్చి ప్రతిదాన్నీ షటిల్ రాకెట్‌కి తగలడానికి ఒక్క క్షణం ముందు కత్తిరించాను. పైసా ఖర్చు లేదు, ఒక సాయంత్రం పోయింది. మావాడివి కూడా ఓ నలభై తీశాను.

ముందు ఆయనకి మావాడి క్లిప్పులు చూపించాను. డ్రాపా (నెట్ దగ్గరే వాలేది), క్లియరా (వెనక గీత దాకా పోయేది), స్మాషా (కిందికి గట్టిగా కొట్టేది) చెప్పమన్నాను. నలభైలో ముప్ఫై మూడు కరెక్టుగా చెప్పారు. తప్పిన ఏడింటి దగ్గర ఆయనకి కోపమొచ్చింది, "మీరు కత్తిరించింది సరిగ్గా లేదండీ" అన్నారు. మావాడు ఆయనవి అరవైలో ఇరవై ఆరు చెప్పాడు. కళ్ళు మూసుకుని చెప్పినా మూడింట ఒకటి తగులుతుంది, అంటే వాడు ఇరవై దాకా ఊరికే చెప్పగలడు. లైట్ల మీద 54 కొట్టే కుర్రాడు.

తర్వాత నెలరోజులు రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు అవే క్లిప్పులు, ప్రతిదానికీ జవాబు చెప్పాక మిగతా సగం చూపించి. నెలాఖరుకి మావాడికి అరవైలో నలభై నాలుగొచ్చాయి. గంతులేశాను. అప్పుడు అక్క గిన్నెలు సర్దుకుంటూ అంది, "వాళ్ళు గోడ మీద చేయించారు, నువ్వు ఫోను మీద చేయించావు. తేడా ఏంట్రా?"

ఉంది, లేదు. అవే అరవై క్లిప్పులు నెలంతా చూస్తే పిల్లాడికి వెనకాల కిటికీ, ఆ రోజు వేసుకున్న టీషర్టు గుర్తుండిపోయి కూడా జవాబులు వచ్చేస్తాయి. నేను లైట్ల బోర్డు దగ్గర మునివేళ్ళ కిటుకు కనిపెట్టినట్టే. పైగా క్లిప్పు చూసి 'డ్రాప్' అని నోటితో అనడం వేరు, అడుగు వెయ్యడం వేరు. కొత్త క్లిప్పులు తీసి మళ్ళీ పరీక్షిస్తే నలభై నాలుగు కాస్తా ముప్ఫై ఆరైంది. ఆ ఎనిమిదీ కిటికీ పుణ్యమన్నమాట. ఇరవై ఆరుకీ ముప్ఫై ఆరుకీ మధ్యనున్న పది మాత్రం చేతిని చదివితే వచ్చినవని నా నమ్మకం. ఒక్క పిల్లాడితో, ఒక్క మావయ్య చేసిన ప్రయోగం ఇది. ఇంకెవరైనా ఇంత చిన్న లెక్క చూపిస్తే నేను పైన ఏం రాశానో మీరు చదివారు.

అయితే ఈ క్లిప్పుల వల్ల నేను అనుకోని పని ఒకటి జరిగింది. ఒక రాత్రి మావాడు ఆయనవి మానేసి తన క్లిప్పులే వెనక్కీ ముందుకీ జరుపుకుంటూ చూస్తున్నాడు. "మావయ్యా, ఇటు రా" అన్నాడు. వరసగా అయిదు డ్రాపులు చూపించాడు. అయిదింట్లోనూ రాకెట్ ఇంకా పైన ఉండగానే వాడి ఎడం చెయ్యి కిందికి జారిపోతోంది. స్మాష్ కొట్టేటప్పుడు మాత్రం అదే చెయ్యి చివరిదాకా షటిల్ వైపు చూపిస్తూ ఉంది. ఆయనకి 'వచ్చేత్తాది' అనిపించేది ఇదన్నమాట.

మర్నాడు ఆదివారం. మావాడు ప్రతి షాటుకీ ఎడం చెయ్యి పైకెత్తి, బిగబట్టి ఆడాడు. సగం డ్రాపులు నెట్‌కి తగిలాయి, 21-15తో ఓడాడు. ఆయన నీళ్ళ సీసా మూత తిప్పుతూ నా దగ్గరికొచ్చి, "ఏటండీ, ఇవాళ అబ్బాయి చెయ్యి దించట్లేదూ?" అన్నారు.